పేరు లేని చోట వాసన

నడుముకు కింద, మోకాళ్ళకు పైన ఆడవాళ్ళకు శరీరమే లేదని ఆ ఇంటి పెద్దలు ఎప్పుడో ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్మానం సక్రమంగా అమలవుతూండగా, బ్యాంకులో క్యాషియరుగా పనిచేసే చిన్నకోడలికి సరిగ్గా ఆ లేని చోటు నుంచే చేపల వాసన రావడం మొదలైంది. తెల్లబట్ట అందరికీ అయ్యేదే. ఈ వాసనే కొత్త.

ముందు తోటికోడలికి చెప్పుకుంది. ఆవిడ అక్కడికక్కడే తీర్పిచ్చేసింది. "శుభ్రంగా కడుక్కోకపోతే అంతే మరి!"

మర్నాటి నుంచి చిన్నకోడలు గులాబీ సబ్బు, ఆపైన మల్లె లిక్విడు, ఆపైన పౌడరు ప్రయోగించింది. వాసన తగ్గలేదు సరికదా, మల్లెల అండ చూసుకుని మరింత రెచ్చిపోయింది. తోటికోడలు వెనక్కి తగ్గే మనిషి కాదు. "సబ్బు చాల్లేదేమో," అంది.

అత్తగారు సంగతి పసిగట్టి వంటింట్లో ప్రసంగించారు. "మా కాలంలో ఇలాంటి రోగాలు ఎరగం తల్లీ! సిగ్గూ శరమూ ఉన్నవాళ్ళకి ఇవి రావు." సిగ్గుకు సూక్ష్మక్రిములను చంపే గుణం ఉందని ఇంతవరకు ఏ శాస్త్రవేత్తా కనిపెట్టలేకపోవడం మన దురదృష్టం.

భర్త సంస్కారవంతుడు. స్వయంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఆమె నోరు తెరవకముందే తానే వివరించాడు.

"మా ఆవిడకి కొంచెం లోపల ఇబ్బందండీ."

"లోపలంటే?"

"అదే... లోపలేనండీ."

డాక్టరూ సంస్కారవంతుడే కావడంతో మరి అడగలేదు. గ్యాస్ మాత్రలు రాసిచ్చాడు. చిన్నకోడలికి తేన్పులు అమోఘంగా తగ్గాయి.

ఇంతలో బ్యాంకులో పక్కసీటు గుమాస్తా ముక్కెగబీల్చి, "ఏంటీ కంపు?" అన్నాడు. నిజానికది బాత్రూం పైపుది. ఆమె మాత్రం అది తనదేననుకుంది. కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేద్దామనుకుని కాసేపు ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగానే ఒళ్ళు మండింది. ఉద్యోగం పోగొట్టుకునే బదులు సిగ్గునే పోగొట్టుకుంటే పోలా అని, ఎవరికీ చెప్పకుండా లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళింది.

"ఎక్కడమ్మా వాసన?"

"అక్కడండీ."

"అక్కడంటే నేనెక్కడని వెతకను?"

తలుపు వేసి ఉందని రూఢి చేసుకుని, "యోనిలో," అంది. కప్పు కూలలేదు. ఫ్యాను కూడా ఆగలేదు.

డాక్టరమ్మ ఇంతవరకు ఏమేం వాడిందో అడిగి, పరీక్ష చేసింది. "లోపల మంచి బాక్టీరియా ఉంటుంది. అది తగ్గి చెడ్డది పెరిగితే ఈ వాసన. కొందరికి వేరే ఇన్‌ఫెక్షన్ల వల్లా వస్తుంది, నీకది కాదు. ఆ సబ్బులూ సెంట్లూ పెట్టి ఉన్న మంచిదాన్ని కూడా కడిగేసుకున్నావు. ముందు అవన్నీ పారెయ్. ఈ మాత్రలు పూర్తిగా వాడు."

మాత్రలు అయిపోయేసరికి వాసన పోయింది. రాజీనామా ఆలోచనా పోయింది. "చూశావా, దానంతటదే తగ్గింది," అని భర్త తన ఓర్పును తానే మెచ్చుకున్నాడు.

అత్తగారి కంట మాత్రం ఖాళీ మాత్రల అట్ట పడింది. కోడలిని వంటింట్లోకి పిలిచి, తలుపు వేసి, కుళాయి తిప్పారు.

"ఆ డాక్టరమ్మ పెద్దవాళ్ళని కూడా చూస్తుందా?"

"ఎవరికత్తయ్యా?"

అత్తగారు కుళాయి ఇంకాస్త తిప్పారు. "ఎవరికైతే ఏంటిలే. ఆ వాసన వస్తూ పోతూ ఉంటుంది."

"ఎప్పట్నుంచి?"

"మీ ఆయన పుట్టినప్పట్నుంచి."