కందిరీగలకు కాపలా ఎందుకు?

క్రమశిక్షణ మనిషిని పాడు చేస్తుంది. ఫుట్‌బాల్ జట్టునైతే పూర్తిగా నాశనం చేస్తుంది!

నవ్వకండి. ఊరికే అనడం లేదు. బెల్నాప్ కాలేజీ స్టేడియంలో పద్నాలుగో వరసలో ఇరవై ఆరేళ్ళుగా ఒకే చెక్కబల్ల మీద కూర్చుంటున్న అనుభవంతో అంటున్నాను. ఆ బల్ల మీద నా ఆకారం అచ్చు పడిపోయింది. మా ఊరి పత్రికలో ఆటల గురించి రాసేది కూడా నేనే కాబట్టి, నా మాట తప్పని చెప్పేవాళ్ళెవరూ ఊళ్ళో లేరు.

మాది కాలితో తన్నే ఆట కాదు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఫుట్‌బాల్. మా జట్టు పేరు కందిరీగలు. కందిరీగ ఏం చేయాలి? కుట్టాలి! పాత కోచ్ హ్యూ మెసెంజర్ గారి హయాంలో మా కందిరీగలు ఏం చేసేవో తెలుసా? నిలబడేవి! ఎవరి చోట్లో వాళ్ళు నిలబడి, అవతలివాడు బంతి పట్టుకుని ఎటు వస్తున్నాడో చూసి, వచ్చాక మర్యాదగా పడగొట్టేవి. "నీ చోటు వదలకు. వచ్చేవాడు ఎలాగూ నీ దగ్గరికే వస్తాడు" అని ఆయన రోజుకు నలభైసార్లు చెప్పేవాడు, అదీ గొంతు పెంచకుండా.

ఫలితం? ఆయన ఆఖరి ఏడు పదకొండు ఆటల్లో తొమ్మిది గెలిచాం. ఎంత విసుగో మీరే ఊహించుకోండి!

డిఫెన్స్‌లో నిప్పు లేదని పాత విద్యార్థులు ఉత్తరాలు రాశారు. మెసెంజర్ గారి ఆట చూస్తుంటే పోస్టాఫీసులో క్యూ చూసినట్టుందని నేనూ రాశాను. ఆ వాక్యం నాకు చాలా పేరు తెచ్చింది. జనవరిలో ఆయన చేతిలో ఒక గోడగడియారం పెట్టి సాగనంపారు.

ఫిబ్రవరిలో డ్యూక్ రాఫర్టీ వచ్చాడు.

మొదటి మీటింగులోనే కుర్చీ విరగ్గొట్టాడు. ఆ కుర్చీ లైబ్రరీది. అరవై ఏళ్ళలో దాని మీద ఎవరూ కోపంగా కూర్చుని కూడా ఎరగరు. విరిగిన కాలు గాల్లో ఊపుతూ, "ఆలోచించేవాడు ఆలస్యమైపోతాడు! బంతి కదిలిందా, పదకొండు మందీ దూకాలి. కనిపించినవాణ్ణి కుమ్మాలి. తప్పో ఒప్పో తర్వాత చూసుకుందాం!" అన్నాడు. కుర్రాళ్ళు బల్లలు గుద్దారు.

చివరి వరసలో ఒక చెయ్యి లేచింది.

ఆ చెయ్యి ఆరిన్ టాకెట్‌ది. నాలుగో ఏడులోకి రాబోతున్నాడు. సేఫ్టీ ఆడతాడు. అంటే అందరికన్నా వెనక నిలబడి, ముందున్న పదిమందినీ దాటుకొచ్చినవాణ్ణి ఆపే పని. మూడేళ్ళుగా ఆ పనే చేస్తున్నా ఊళ్ళో సగం మందికి అతని పేరు తెలియదు. అతని వెనక ఎప్పుడూ ఏమీ జరగలేదు మరి! జరగనిదాన్ని మైకులో ఎవరు చెబుతారు?

"కోచ్, అందరం ముందుకు దూకితే వెనక ఎవరుంటారు?" అని అడిగాడు ఆరిన్.

"నీ పేరేంటి?"

"టాకెట్, సార్."

"టాకెట్, వెనక ఉండేది భయం!"

గది పగలబడి నవ్వింది. ఆరిన్ చెయ్యి దించేశాడు. వెక్కిరించడానికి కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. చెవులు ఎర్రబడ్డాయి.

రాఫర్టీ గారి అసలు ప్రతిభ స్టిక్కర్లలో ఉంది. ఎవడైనా ఎదుటివాణ్ణి స్టేడియం మొత్తం "అబ్బా!" అనేలా కుమ్మితే, వాడి హెల్మెట్ మీద ఒక ఎర్ర కందిరీగ స్టిక్కర్. ఆట గెలిచామా ఓడామా, కుమ్మినవాడి దగ్గర బంతి ఉందా లేదా, ఇలాంటి చాదస్తాలేమీ లేవు. బక్ ఆండర్లీ అనే మా బలశాలి అక్టోబరుకల్లా హెల్మెట్‌లో చెవుల కోసం పెట్టిన బెజ్జాల మీద కూడా అంటించేసుకున్నాడు. ఆ తర్వాత వాడికి ఎవరి మాటా వినబడేది కాదు. రిఫరీ ఈల అసలే వినబడేది కాదు. ఇది ప్రగతి కాదా?

రిఫరీలు తప్పుకొక పసుపు రుమాలు విసిరి విసిరి భుజాలు పట్టేసుకున్నారు. ఒక్కో రుమాలుకి మాకు పదిహేను గజాలు వెనక్కి జరిగే శిక్ష. ఊళ్ళో అదొక సంబరం! మెయిన్ స్ట్రీట్ హోటల్లో పంది మాంసం శాండ్‌విచ్‌కి "పదిహేను గజాలు" అని పేరు పెట్టారు. పాస్టరు గారు ఆదివారం ప్రసంగంలో బల్ల ఎక్కి దూకారు. మా పళ్ళ డాక్టరు ఎక్స్‌రే చూడకుండానే నా పన్ను పీకేశాడు. తప్పు పన్నే. అయినా ఆ చొరవ చూడండి!

ఈ దూకుడు యుగంలో ఆరిన్ టాకెట్ ఏం చేస్తున్నాడు?

పరిగెడుతున్నాడు. ముందు పదిమందీ దూకుతారు. అవతలి జట్టులో బంతి విసిరేవాడు, అంటే క్వార్టర్‌బ్యాక్, వాళ్ళ నెత్తిమీదుగా విసురుతాడు. అది అందుకున్నవాడు ఖాళీ మైదానంలో గుర్రంలా పోతుంటాడు. ఆరిన్ వాడి వెనకపడి, ఏ ముప్ఫై గజాల దగ్గరో చీలమండలు పట్టుకుని పడేస్తాడు. అందులో అందం లేదు, చప్పుడు లేదు. మూడో ఆటలో తొమ్మిదిసార్లు అలాగే చేశాడు. ఒక్క స్టిక్కర్ రాలేదు. వెంటపడి పట్టుకోవడం దూకుడు కింద లెక్కకు రాదట.

సోమవారం ఆ తొమ్మిదింటినీ తెర మీద వేసి చూపించాడు రాఫర్టీ.

"టాకెట్, ప్రతిసారీ వెనకే ఎందుకున్నావు?"

"వాళ్ళు ప్రతిసారీ వెనక్కే వచ్చారు కోచ్."

ఈసారీ గది నవ్వింది. కానీ రాఫర్టీ నవ్వలేదు. ఆ సాయంత్రం ఆరిన్ చేత స్టేడియం మెట్లు ముప్ఫైసార్లు ఎక్కించి దింపించాడు.

జనం తక్కువ తిన్నారా? నా పక్కన కూర్చునే వెర్న్ హోస్టెట్లర్‌కి ఇనుపసామాన్ల కొట్టుంది. గొంతు కూడా ఇనుముతో చేసిందే. నాలుగో ఆటలో లేచి నిలబడి, "ఓయ్ టాకెట్! పిక్నిక్‌కి వచ్చావా? దుప్పటి కూడా పరుచుకో!" అని అరిచాడు.

రెండు వరసల కింద కూర్చున్న ఒకావిడ వెనక్కి తిరిగింది. లోర్నా టాకెట్. ఆరిన్ వాళ్ళమ్మ. స్కూలు బస్సు నడుపుతుంది.

"దుప్పటి నా దగ్గరే ఉంది వెర్న్. కావాలంటే చెప్పు, నీ నోటికి కప్పుతాను."

వెర్న్ కూర్చున్నాడు. నేను కాఫీ తాగుతున్నట్టు నటించాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం లోర్నా ఓవెన్లో వండిన చిక్కుడుకాయల క్యాసెరోల్ బల్ల మీద పెట్టిందట. ఆరిన్ ఫోర్కుతో కెలుకుతున్నాడే తప్ప తినడం లేదు.

"అమ్మా, నేను పిరికివాణ్ణా?"

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు. నీకు వినబడటం లేదా?"

లోర్నా కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇరవై రెండేళ్ళుగా బస్సు నడుపుతున్నాను. మంచులో, వానలో, పొగమంచులో. ఒక్క పిల్లాడికి గీత పడలేదు. ఎవరైనా వచ్చి నా బస్సుకి స్టిక్కర్ అంటించారా?"

ఆరిన్ నవ్వలేదు. "నువ్వు దిగాక ఎవరూ ఎగతాళి చేయరుగా."

ఆవిడ ఇంకో గరిటెడు వడ్డించింది.

నవంబరు వచ్చింది. మొక్కజొన్న కోతలు అయిపోయాయి. ఆఖరి ఆట కాల్డర్ స్టేట్‌తో, మా మైదానంలోనే. గెలిస్తే మా విభాగంలో మొదటి స్థానం మాది. గురువారం రాఫర్టీ ఆరిన్‌ని తన గదికి పిలిచాడు.

"శనివారం నేను కేకేసినప్పుడల్లా పదకొండు మంది దూకాలి. పది కాదు. నువ్వు వెనక ఆగావో, కోచ్ మాట లెక్కచేయనివాడివని రాసి పంపుతాను. ఆఖరి ఏడు కదా, సీనియర్లకిచ్చే ఉన్ని కోటు కావాలా వద్దా?"

ఆరిన్‌కి ఆ కోటు కావాలి. చాలా కావాలి. మొదటి ఏడు నుంచీ లాకర్ గదిలో వేలాడే పాత కోట్ల చేతులు తడిమి చూసేవాడని జట్టు సామాన్లు చూసే మెర్ల్ నాకు తర్వాత చెప్పాడు. "సరే కోచ్" అని వచ్చేశాడు. మాట నిలబెట్టుకుందామనే అనుకున్నాడు కూడా.

శనివారం. ఇరవై, పదహారు. నాలుగు పాయింట్లు మావే ఎక్కువ. నలభై నాలుగు సెకన్లున్నాయి. బంతి వాళ్ళది, అదే వాళ్ళ ఆఖరి అవకాశం. చలికి నా మీసం బిగుసుకుపోయింది.

"అందరూ!" అని గావుకేక పెట్టాడు రాఫర్టీ.

పదిమంది ముందుకు జరిగి వంగారు. ఆరిన్ కూడా ఒక అడుగు ముందుకు వేశాడు. అప్పుడు కనబడ్డాడు కాల్డర్ ఆటగాడు ఎనభై నాలుగో నంబరు. సన్నటివాడు, ఒక అంచున ఒంటరిగా నిలబడ్డాడు. వాడు నడుముకు వేలాడుతున్న తువ్వాలుతో చేతులు తుడుచుకుంటున్నాడు.

ఆ వారమంతా కాల్డర్ ఆటల వీడియోలు చూసినవాడు ఆరిన్ ఒక్కడే. బంతి తన దగ్గరికి వచ్చేటప్పుడు తప్ప ఆ ఎనభై నాలుగో నంబరువాడు చేతులు తుడుచుకోడు. మిగతా వేళల్లో నడుం మీద చేతులేసుకుని నిలబడతాడు.

ఆరిన్ పక్కకి చూశాడు. రాఫర్టీ రెండు చేతులతో ముందుకు తోస్తున్నట్టు సైగ చేస్తున్నాడు. ఆ కళ్ళు నేరుగా తనవైపే. ఆరిన్‌కి కోటు గుర్తొచ్చింది. తర్వాత కాళ్ళు వాటంతటవే వెనక్కి నడిచాయి. ఒకటి, రెండు, ఏడడుగులు!

"ముందుకి! ముందుకి దూకరా!" స్టేడియం గగ్గోలు పెట్టింది. దాచడం ఎందుకు, అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.

పదిమందీ దూకారు. వాళ్ళ నెత్తిమీదుగా బంతి లేచింది. మైదానం అవతలి కొసన ఎనభై నాలుగో నంబరువాడు చేతులు చాచాడు. ఆ చేతులకీ బంతికీ మధ్య రెండు వేళ్ళు వచ్చాయి. దోమని తోలినట్టు తోలాయి. బంతి కింద పడింది, మేం గెలిచాం.

అంతే! కుమ్మడం లేదు, పడగొట్టడం లేదు. తూలి పడ్డ ఎనభై నాలుగుకి ఆరిన్ చెయ్యిచ్చి లేపాడు కూడా. చూస్తే ఒళ్ళు మండదూ?

జనం మైదానంలోకి దూకి రాఫర్టీని భుజాలకెత్తుకున్నారు. మైకులో ఆయన గొంతు మోగింది: "చూశారా! ఇదీ దూకుడంటే!" చూశామని అందరం అరిచాం.

పుస్తకం పట్టుకుని ఆరిన్ దగ్గరికి వెళ్ళాను. "ఆఖర్లో ఏమనిపించింది బాబూ?"

"చేతులు తుడుచుకున్నాడండీ."

"ఎవరు?"

"ఎనభై నాలుగు."

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదు కాబట్టి రాయలేదు. బక్ ఆండర్లీ గర్జన గురించి రెండు కాలమ్‌లు రాశాను.

పది రోజుల తర్వాత జట్టు విందు. చర్చి నేలమాళిగలో. దానికి ముందే ఆరిన్‌కి ఒక ఉత్తరం అందింది. కోచ్ ఆదేశాన్ని ధిక్కరించినందుకు, చెప్పిన చోట ఉండనందుకు ఈ ఏడు ఉన్ని కోటు ఇవ్వడం లేదని. కారణం ఒకే మాటలో రాశారు: క్రమశిక్షణారాహిత్యం!

ఆ మాట అక్షరదోషం లేకుండా ఎవరు రాశారనుకున్నారు? కోట్లిచ్చే విందు కమిటీలో నేనూ ఉన్నాను. భాష వచ్చినవాణ్ణని నాకే అప్పగించారు.

లోర్నా ఆ ఉత్తరం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్విందట. ఆరిన్ నవ్వలేదు. విందుకి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున వెళ్ళి హెల్మెట్ అప్పగించాడు. మెర్ల్ దాన్ని తిప్పి చూసి, "స్టిక్కర్లు గీకే పని లేదు, బతికించావు" అన్నాడు. "నాలుగేళ్ళకి నన్ను మెచ్చుకున్నది నువ్వే" అన్నాడట ఆరిన్. లాకర్ గదిలో కోట్లవైపు చూడకుండా బయటికి నడిచాడట.

డిసెంబరులో రాఫర్టీని మాకన్నా పదిరెట్లు పెద్ద యూనివర్సిటీ ఎగరేసుకుపోయింది. మే నెలలో ఆరిన్ పట్టా తీసుకున్నాడు. టిల్డెన్ స్కూల్లో లెక్కలు చెబుతూ అక్కడి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాడు. మాకు రాఫర్టీ శిష్యుడే కోచ్‌గా వచ్చాడు. కుర్చీలు ముందే ఇనుపవి కొన్నాం.

మొన్న సెప్టెంబరులో మొదటి ఆట. మొదటి బంతి. పదకొండు మంది దూకారు. అద్భుతం! భూమి అదిరింది. అవతలి క్వార్టర్‌బ్యాక్ పొట్టివాడు, బొద్దుగా ఉన్నాడు, అలాంటివాడు కూడా తొందరపడకుండా వాళ్ళ మీదుగా విసిరాడు. బంతి అందుకున్నవాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, ఎవరైనా వస్తారేమోనని. ఎవరూ రాలేదు. ఆఖరి పది గజాలూ నడిచాడు.

అలా ఏడుసార్లు. వాళ్ళు నలభై తొమ్మిది, మేం ఆరు.

"వెధవల్లో ఒక్కడికీ క్రమశిక్షణ లేదు!" అని అరిచాడు వెర్న్. చుట్టూ వంద తలలు ఊగాయి. అందులో నాదీ ఒకటి.

నేను మైదానం చివరి కొసకేసి చూశాను. ఎండలో గడ్డి మెరుస్తోంది. ఆ మధ్యాహ్నం ఆ స్టేడియంలో తన చోటు వదలకుండా ఉన్నది అదొక్కటే.

ఆట అయ్యాక ఇద్దరం మెట్లు దిగుతున్నాం. వెర్న్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. ఆ గొంతు తగ్గగలదని నాకు ఆరోజే తెలిసింది.

"టిల్డెన్ ఎంత దూరం?"

"నలభై మైళ్ళు."

"శుక్రవారం ఐదింటికి బయల్దేరితే స్కూలు ఆట అందుకుంటామా?"

"నాలుగున్నరకే బయల్దేరదాం" అన్నాను. "పోయిన వారం నిలబడటానికి కూడా చోటు లేదట."