స్ఫూర్తి ఫోల్డర్లో కోడి

ఆ ఉదయం ఆర్టిస్టు వేసుకున్న ప్రణాళిక చాలా సులువైనది. స్నానం చేయాలి, దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి, టాబ్లెట్ ముందు కూర్చుని స్ఫూర్తి పొందాలి, ఆ తర్వాత టిఫిన్ తినాలి. మొదటి రెండూ ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. మూడోదాని దగ్గర బండి ఆగింది.

"ఏమండీ, చల్లారిపోతోంది!" వంటింట్లోంచి భార్య కేకేసింది.

"ఉండవే, ఇంకా రాలేదు."

"ఎవరు రావాలి?"

"స్ఫూర్తి."

"వచ్చేవాళ్ళు తిని వస్తారో తినకుండా వస్తారో. ముందు మీరు రండి."

ఆర్టిస్టు అని అందరూ అనడమే గాని, అతను ఇన్నేళ్ళూ రాసినవి బోర్డులు. ఆ చుట్టుపక్కల సగం దుకాణాల పేర్లు అతని చేతిమీదుగా వెళ్ళినవే. 'ఇచ్చట వాహనములు నిలుపరాదు' అని అతను రాసినన్నిసార్లు ఇంకెవరూ రాసి ఉండరు. అతను రాసిన చోటల్లా వాహనాలు నిలిపే ఉంటాయి. కానీ ఒక గోడ అప్పగించి, బొమ్మ వేసి కింద పేరు రాసుకో అన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఇప్పుడు అడిగింది పళ్ళ డాక్టరమ్మ. కొత్తగా క్లినిక్ పెడుతోంది. పిల్లలు కూర్చునే గదిలో గోడ మొత్తం అతనిదే.

"పిల్లలు ఆ గోడ చూసి ఏడుపు ఆపాలండీ, అంతే. నాకు నచ్చకపోతే ప్రింటు స్టిక్కరు అంటించేస్తాను, ఏమీ అనుకోవద్దు. నెట్‌లో మీకు నచ్చిన బొమ్మలన్నీ ఒక ఫోల్డర్లో పెడుతూ ఉండండి. అందులో మీరేం పెట్టినా నా ఫోన్లో కనిపిస్తుంది," అంది డాక్టరమ్మ.

గోడ స్టిక్కరు పాలైతే తన బతుకు మళ్ళీ షట్టర్ల పాలే. ఆ సంగతి ఆర్టిస్టుకు బాగా తెలుసు. అందుకే ఫోల్డరుకు 'స్ఫూర్తి' అని పేరు పెట్టి, "ఇందులో పెట్టే ప్రతి బొమ్మా నా మనసులోంచి వచ్చిందనుకోండి," అని మాటిచ్చాడు. అడగకుండా ఇచ్చిన మాట. అలాంటివే మెడకు చుట్టుకుంటాయి.

ఇక వెతుకులాట. నవ్వే చందమామలు దొరికాయి, సైకిలు తొక్కే ఏనుగులు దొరికాయి, గొడుగు పట్టుకున్న తిమింగలాలు దొరికాయి. భగవంతుడు ఏనుగును చేసేటప్పుడు ఎవరి ఫోల్డరు చూసి చేశాడో తెలియదు గాని, మన ఆర్టిస్టుకు దొరికినవన్నీ ఒకదాన్ని చూసి ఒకటి వేసిన ఏనుగులే. అన్నీ ఫోల్డర్లో పడేశాడు. డాక్టరమ్మ దగ్గర్నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆ రోజు టిఫిన్ ముందు కూర్చోగానే ఫోన్ మోగింది.

"ఆర్టిస్టు గారూ! ఏం ఆలోచనండీ! ఆ కోడి!"

"కోడా?" అనబోయి, బోర్డులు రాసే మనిషికి ఉండే జాగ్రత్తతో, "ఆ... కోడి," అన్నాడు.

"ఏనుగుకు దంతాలు, చందమామకు నోటినిండా పళ్ళు. అవి చూస్తే పిల్లలకు పళ్ళే గుర్తొస్తాయి. కోడికి అసలు పళ్ళే ఉండవు! దాన్ని పీకేదీ లేదు, అది భయపడేదీ లేదు. నాకే తట్టలేదు చూడండి. గోడంతా కోళ్ళే వేయండి."

ఫోన్ పెట్టేసి అతను టాబ్లెట్ తెరిచాడు. ఏనుగుల పక్కన ఊలుతో అల్లిన పసుప్పచ్చ కోడి ఒకటి కూర్చుని ఉంది. మెడ ఒక పక్కకు వాలింది. ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది. దాని కింద నుంచి మిక్సీ వైరు బయటికి వస్తోంది.

"ఏ చేతకానివాడి బొమ్మ చూసి అల్లారో," అని గొణిగాడు. ఎవరు అల్లారో మాత్రం అడగక్కర్లేదు. ఆ ఇంట్లో మిక్సీకి, టీవీకి, రిమోటుకు, ఆఖరికి తలుపు గొళ్ళేనికి కూడా ఊలు తొడుగులు అల్లే చేతులు అత్తగారివి. తన అల్లికల ఫోటోలు చెల్లెలికి పంపడానికి ఆవిడ వాడేదీ ఆ టాబ్లెటే. ఫోటో తీయగానే 'ఎక్కడ పెట్టాలి?' అని అది అడుగుతుంది. అది ముందుగా ఏ ఫోల్డరు చూపిస్తే ఆవిడ దాన్ని నొక్కుతుంది. అడిగినవాళ్ళకు అడ్డు చెప్పడం ఆవిడ స్వభావంలో లేదు.

"మీ అమ్మగారితో చెప్పు. ఆ ఫోల్డరు జోలికి రావద్దని."

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. అత్తగారికీ అల్లుడికీ మధ్య గొడవలేమీ లేవు. మాటలే లేవు. పెళ్ళైన కొత్తలో మర్యాద కొద్దీ మొదలైన మౌనం కొన్నాళ్ళకు అలవాటైంది, ఆ తర్వాత సదుపాయమైంది. ఒకే గదిలో ఉన్నా ఆవిడ "మీ ఆయన్ని అడుగు" అంటుంది, ఇతను "మీ అమ్మగారితో చెప్పు" అంటాడు. మధ్యలో భార్య. ఆ ఇల్లాలు ఏ మాటనూ వచ్చినదాన్ని వచ్చినట్టు దాటించదు. ఇటు బయల్దేరిన కారం అటు చేరేలోపల చక్కెర అవుతుంది. ఇది అబద్ధం కిందికి వస్తుందో ధర్మం కిందికి వస్తుందో పెద్దలు తేల్చాలి. ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ గిన్నెలు ఎగరలేదంటే మాత్రం అది దాని చలవే.

ఆమె తల్లి గదిలోకి వెళ్ళింది.

"అమ్మా, మీ అల్లుడుగారు నీ కోడిని చూశారు."

"ఏమన్నాడే?"

"చూసి ఆయనకు నోట మాట రాలేదు. ఆ ఫోల్డరు పెద్ద పెద్దవాళ్ళు చూస్తారట. అందుకని కాస్త..."

"ముందే చెప్పొద్దూ! తోక దగ్గర ముడి కనబడేట్టు తీసిపారేశాను," అంటూ అత్తగారు కళ్ళజోడు సవరించుకుని మిక్సీ దగ్గరికి నడిచింది.

సాయంత్రానికి ఫోల్డర్లో కోడి ముందు నుంచి, వెనక నుంచి, పై నుంచి, తోక పైకెత్తి కూడా వెలసింది. డాక్టరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. "ఒకే కోడిని ఎన్ని వైపుల నుంచి చూశారండీ! నేనైతే కోడి ఒకవైపే ఉంటుందనుకున్నాను."

నిజం చెప్పేస్తే పోతుందని అతనికి అనిపించకపోలేదు. కానీ 'నా మనసులోంచి' అన్న మాట అడ్డొచ్చింది. తన మనసు అత్తగారి మిక్సీ మీద ఉందని ఏ మగాడు చెప్పుకుంటాడు?

గోడ మీద పని మొదలైంది. అభిమానం కొద్దీ అతను కోడి మెడ నిటారుగా నిలబెట్టి, రెండు కళ్ళూ సమానంగా వేశాడు. డాక్టరమ్మ వచ్చి చూసి మొహం ముడుచుకుంది.

"ఇదేంటండీ, ఇన్‌స్పెక్టరులా నిలబడింది? నాకు ఆ వాలిన మెడే కావాలి. ఆ కళ్ళే కావాలి. అందులో ఒక బెదురు ఉంది. పిల్లలు దాన్ని చూసి, పాపం దీనికన్నా నేనే నయం అనుకుంటారు."

చేతకానివాడి మెడను చేయి తిరిగినవాడు మళ్ళీ వంచాల్సి వచ్చింది. విచిత్రమేమిటంటే, అలా వంచడానికి అతని చేతికి ఏ కష్టమూ కలగలేదు.

ఈలోగా అత్తగారి కుట్టుమిషన్ కిర్రుమనసాగింది. బాగుచేసేవాడు "ఏ చప్పుడో రికార్డు చేసి పంపండమ్మా," అన్నాడు. ఆవిడ రికార్డు చేసింది. టాబ్లెట్ ఎక్కడ పెట్టాలని అడిగింది. ఆవిడ నొక్కింది.

"నాకేం చప్పుడు రాలేదమ్మా," అన్నాడు బాగుచేసేవాడు.

"రాకపోతే నీతో నాకు పనేముంది నాయనా? వస్తోందనే కదా నీకు పంపాను!"

వాళ్ళ పోట్లాట ఇంకా తెగకముందే డాక్టరమ్మ నుంచి ఫోన్. "సంగీతం కూడా పెట్టారే! టకటకటక, మధ్యలో ఆ కిర్రు! గదిలో ఇది వేశామంటే నా డ్రిల్లింగ్ చప్పుడు ఇందులో కలిసిపోతుంది. ఎవరి బాణీ?"

"ఇంట్లోనే తయారైందండీ," అన్నాడు ఆర్టిస్టు. ఆ వారంలో అతను చెప్పిన ఏకైక నిజం అదే.

గోడ పూర్తయింది. ఎగిరే కోళ్ళు, కునికే కోళ్ళు, కుర్చీలో నోరు తెరిచి కూర్చున్న కోడి. ఇక కింద మూలన పేరు రాయడం ఒక్కటే మిగిలింది. ఆ ఉదయం సన్నటి కుంచె కడుక్కుని, జేబులో పెట్టుకుని గుమ్మం దాటబోతుండగా ఫోన్ మోగింది.

"ఆర్టిస్టు గారూ, ఇవాళ ఫోల్డర్లో పెట్టిన ఫోటో ఉంది చూశారూ, ఆ తెరిచిన నోరు?"

అతను గడప మీదే ఆగిపోయాడు. "అదండీ... అది ఒక రకమైన..."

"అది ఏ రకమైన కళా కాదు. ఇన్‌ఫెక్షను. దవడ వాచిపోయింది. ఎవరిదో గాని ఆ మనిషిని వెంటనే తీసుకురండి."

ఆ నోరు అత్తగారిది. పన్ను సలుపుతోందని కూతురికి కూడా చెప్పకుండా, చెల్లెలికి చూపించుకుందామని ఫోటో తీసుకుంది పాపం. పళ్ళ డాక్టరంటే ఆవిడకు చిన్నప్పటి నుంచీ హడల్.

"మీ అమ్మగారితో చెప్పు. బయల్దేరమని. అక్కడ మాత్రం కోడి మాట ఎత్తొద్దని."

భార్య లోపలికి వెళ్ళి, "అమ్మా, అక్కడ గోడ నిండా నీ కోళ్ళేనట. నువ్వు చూడాలని ఆయన ముచ్చట," అంది. ఈ మాట లేకపోతే ఆవిడ గడప దాటేదే కాదు. కాబట్టి ఇల్లాల్ని తప్పు పట్టడానికి లేదు.

క్లినిక్ గదిలో స్పీకరులోంచి కుట్టుమిషన్ కిర్రుమంటోంది. అత్తగారు చెంపకు తువ్వాలు అదుముకుని గోడ ముందు నిలబడిపోయింది. డాక్టరమ్మ ఆప్యాయంగా ఆవిడ భుజం మీద చేయి వేసింది.

"చూశారా పెద్దమ్మా, మీ అల్లుడుగారు ప్రపంచమంతా గాలించి పట్టుకొచ్చారు ఈ కోడిని."

"ప్రపంచమేమిటమ్మా? ఇది మా మిక్సీ మీది కోడి. నేను అల్లాను. ఆ మోగేది నా మిషను. అది ఇక్కడికెలా వచ్చిందే అమ్మడూ? బాగుచేసేవాడు ఇక్కడ పనిచేస్తున్నాడా?"

కూతురు నోరు తెరిచింది. పాపం, ఆమె దగ్గర ఉన్న చక్కెరంతా కలిపినా దీనికి చాలదు.

డాక్టరమ్మ ఆర్టిస్టు వైపు తిరిగింది. అతను జేబులోంచి కుంచె తీసి కుర్చీ మీద పెట్టేశాడు.

"నిజమేనండీ. ఫోల్డర్లో నేను పెట్టినవి ఏనుగులే. కోడి ఆవిడది. పేరు రాయను."

"మనసులోంచి వచ్చిందన్నారే!" అంది డాక్టరమ్మ. ఆ గొంతులో కోపంకన్నా చిన్నబుచ్చుకోవడమే ఎక్కువ. "అయితే పెద్దమ్మా, మీ పేరు చెప్పండి. మీదే రాయిస్తాను."

"నా పేరెందుకూ? నేను మాత్రం పుట్టించానా ఏమిటి?" అత్తగారు కూతురి వైపు తిరిగింది. "గుడ్ల కొట్టు షట్టరు మీద చూసి అల్లుకున్నదే కదే ఇది. నీ సంబంధం వచ్చినప్పుడు పిల్లవాడి పని చూసొద్దామని వెళ్ళలేదూ నేనూ, మీ పిన్నీ? కొట్టతను చూపించాడు, ఈ కోడి ఆ అబ్బాయి వేసిందేనని. ఆ వాలిన మెడా, ఆ బెదురు చూపులూ చూసి అప్పుడే అనుకున్నాను. ఇలాంటి కోడిని వేసినవాడు పెళ్ళాం మాట వింటాడు, పిల్లను కళ్ళు మూసుకుని ఇవ్వొచ్చు అని."

ఆర్టిస్టు గోడ వంక చూశాడు. కొట్టతను తొందరపెడుతుంటే, నిచ్చెన ఊగుతుంటే, మెడ దగ్గర కుంచె జారిన ఆ రోజు గుర్తొచ్చింది. ఒక కన్ను పెద్దదైతే రెండోదాన్ని సరిచేయకుండానే దిగిపోయాడు. ఆ షట్టరు మీద రంగు మారి ఏళ్ళయింది. దాన్ని అతను మర్చిపోయాడు. చేయి మర్చిపోలేదు.

డాక్టరమ్మకు నవ్వు ఆగలేదు. కుర్చీ మీది కుంచె తీసి అతని చేతిలో పెట్టింది. "కానివ్వండి. మూలన కాదు, మధ్యలో రాయండి."

అత్తగారిని లోపలికి తీసుకెళ్ళారు. కిర్రుచప్పుడులో డ్రిల్లింగ్ నిజంగానే కలిసిపోయింది. ఆవిడ బయటికి వచ్చేసరికి అతను పేరు రాయడం ముగించి, కోడికి ఎర్రటి తురాయి దిద్దుతున్నాడు. ఆవిడ తిన్నగా అతని దగ్గరికి వెళ్ళి నిలబడింది. కూతురి వైపు చూడకుండా, పెళ్ళైన ఇన్నేళ్ళలో మొదటిసారి అల్లుడితో నేరుగా మాట్లాడింది. గోడను చూపిస్తూ, చేతులు తిప్పుతూ చాలాసేపే మాట్లాడింది. నోటి నిండా దూది ఉండటంతో అతనికి ఒక్క ముక్కా అర్థం కాలేదు.

"ఏమంటున్నారే?" అని భార్యను అడిగాడు.

"మీ చేయి బంగారమట," అంది భార్య.

ఆవిడ నిజంగా ఏమందో దేవుడికీ, కూతురికీ మాత్రమే తెలుసు.