పక్కవాళ్ల బోర్డు కింద

ఆ శనివారం పొద్దున ఆల్గోట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా రేవు కూడలికి వెళ్లాలి, తన బడ్డీ తెరవాలి, రెండు ఫ్లాస్కుల కాఫీ, నలభై దాల్చినచెక్క బన్నులు అయిపోయేదాకా మాట్లాడాలి, ఇంటికొచ్చి పడుకోవాలి. కరపత్రాలు నిన్ననే అయిపోయాయి. తెల్లారితే ఓటింగు. ఆల్‌హోల్మ దీవికి వంతెన కట్టాలా, లేక పసుపురంగు ఇనుప బల్లకట్టే ఉండాలా అన్నది తేలిపోతుంది. ఆ బల్లకట్టు మీద ఆల్గోట్ ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాడు. అది పోతే తనలో ఏం మిగులుతుందో ఆయనకే తెలియదు. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు.

బయట పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, చెయ్యి చాపితే వేళ్లు వేరే ఎవరివో అనిపిస్తున్నాయి. దారి లేదు, పొరుగింటి ఆపిల్ చెట్టు లేదు, చర్చి గోపురం అసలే లేదు. అలవాటు నడిపిస్తుంటే నడిచాడు. నీళ్ల మీద ఎక్కడో బల్లకట్టు పొడుగ్గా కూత వేసింది. అది నిద్రలో విన్నట్టుగా ఉంది, మెలకువ వచ్చాక కూడా కాసేపు వినబడే రకం.

కూడలిలో రెండు ఎర్ర బడ్డీలు పక్కపక్కనే ఉంటాయి. పక్షపాతం చూపించారన్న మాట రాకుండా మునిసిపాలిటీవాళ్లు ఒకే కొలతతో, ఒకే రంగుతో చేయించారు. ఎడమది బల్లకట్టు వాళ్లది, కుడిది వంతెన వాళ్లది. తేడా అంతా నెత్తిమీది బోర్డులోనే. శుక్రవారం సాయంత్రం పనివాడొకడు పక్షుల రెట్ట కడగడానికి రెండు బోర్డులూ దించాడు, అద్దంలా కడిగాడు, అప్పటికే కమ్ముకొస్తున్న మంచులో మళ్లీ గట్టిగా బిగించాడు. కాకపోతే దీనిది దానికి, దానిది దీనికి.

ఆల్గోట్ ఎప్పటిలాగే వెనక తలుపు తీసుకుని లోపలికెళ్లి, కిటికీ తెరిచి కూర్చున్నాడు. ఆయన నెత్తిమీద "వంతెన కావాలి" అని ఉంది.

పక్క బడ్డీ తలుపు కిర్రుమంది. గున్‌వోర్ వచ్చిందన్నమాట. నలభై రోజులుగా ఇద్దరి మధ్యా ఉన్నది రెండు చెక్కల దూరం, అయినా మాటల్లేవు. ఆమె ఉపన్యాసం మొదలుపెడితే ఈయన కిటికీ మూసేవాడు, ఈయన మొదలుపెడితే ఆమె మూసేది. ఒకప్పుడు ఆమె అవతలి ఒడ్డు బడిలో పాఠాలు చెప్పడానికి రోజూ బల్లకట్టు ఎక్కేది, రోజూ ఆల్గోట్ చేతిలో ఒక బన్ను పెట్టేది. ఆ బన్ను గుర్తొస్తే ఆయనకి కడుపులో కాదు, ఇంకెక్కడో ఆకలేసేది.

మొదట వచ్చినవాడు కలప లారీల హిల్డింగ్, వంతెన వాళ్లలో పెద్ద నోరు.

"ఆల్గోట్, నువ్వేనా?"

"నా బడ్డీలో నేను కాక మీ తాత కూర్చుంటాడా?"

"ఇది నీ బడ్డీయా? ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

హిల్డింగ్ పైనున్న బోర్డు చూశాడు, ఆల్గోట్‌ని చూశాడు, టోపీ తీసేశాడు. "ఇన్నాళ్లూ మనసులో దాచుకుని ఎంత నలిగిపోయావో పాపం."

"నలగడమేమిటి? కూర్చో. కాఫీ తాగు. ఇవాళైనా నే చెప్పేది విను."

హిల్డింగ్ బెంచీ మీద కూర్చున్నాడు. ఆల్గోట్ మొదలుపెట్టాడు.

"అవతలికి ఏడు నిమిషాలు. ఆ ఏడు నిమిషాలూ నిన్నెవరూ ఏమీ చెయ్యమనరు. కారు ఆపేస్తావు, నీళ్లు చూస్తావు. మనిషికి రోజులో అలాంటి ఏడు నిమిషాలు ఇంకెక్కడున్నాయి? ఆ ఏడు నిమిషాల్లో కుదిరిన పెళ్లిళ్లు నాకు తెలిసి పదకొండు. ఆగిపోయిన విడాకులు నాలుగు. వంతెన మీద ఎవడాగుతాడు చెప్పు?"

మామూలు రోజైతే హిల్డింగ్ మొదటి మాటకే లేచిపోయేవాడు. ఇవాళ లేవలేదు. కొత్తగా మతం మారినవాడు పాత దేవుణ్ణి తలుచుకుని కాస్త ఏడుస్తాడు, ఏడవనివ్వాలి అనుకుని ఆఖరిదాకా తల ఊపుతూ విన్నాడు. వెళ్లి ఇద్దర్ని పంపాడు. ఆ ఇద్దరూ నలుగుర్ని పంపారు. పదింటికల్లా పదకొండుమంది వంతెన వాళ్లు తడి టోపీలతో, వేడి కప్పులతో, కలలో కూర్చున్నట్టు కూర్చుని ఆల్గోట్ చెప్పేది వింటున్నారు. ఆయన ఆనందంగా రెండో ఫ్లాస్కు మూత తీశాడు. కట్టుకున్న భార్య ఉన్న రోజుల్లో కూడా ఆయన మాట ఎవరూ ఇంతసేపు వినలేదు.

ఫోన్ మోగింది. చెల్లెలు మార్తా.

"సిగ్గులేదూ అన్నయ్యా? వంతెన వాళ్లలో కలిసిపోయావటగా?"

"ఎవరన్నారు?"

"ఊరంతా అంటోంది."

"ఊరికి మంచు కమ్మిందిలే," అని పెట్టేశాడు.

పదకొండింటికి బల్లకట్టు నడిపే సిక్‌స్టెన్ వచ్చాడు. ముప్ఫై ఏళ్ల స్నేహితుడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఎంతకి అమ్ముడుపోయావురా?"

"నీకూ పట్టిందా పిచ్చి?"

"నువ్వేమో ఇక్కడ, ఆవిడేమో మన బడ్డీలో. గున్‌వోర్ మన వైపు వచ్చేసిందనుకుని కాఫీ తీసుకున్నాను. ఏవో పాత బాధలు చెప్పుకుంటోంది, చెప్పుకోనీలే అని విన్నాను." సిక్‌స్టెన్ గొంతు తగ్గిపోయింది. "వినకుండా ఉంటే బాగుండేదిరా. బిర్గెర్ పోయిన రోజు సంగతి చెప్పింది."

మన బడ్డీ ఇదే కదరా అనబోయిన ఆల్గోట్ ఆగిపోయాడు. బిర్గెర్ గున్‌వోర్ భర్త. ఆరేళ్ల కిందట, ఫిబ్రవరి మధ్యాహ్నం. రేవులో అంబులెన్సు, అందులో బిర్గెర్. బల్లకట్టేమో నడిమధ్యలో మంచుగడ్డల్లో ఇరుక్కుంది. నలభై నిమిషాలు. ఆ బల్లకట్టు మీద ఉన్నది ఆల్గోటే. ఆ తరవాత గున్‌వోర్ ఎప్పుడు ఎక్కినా కారు దిగలేదు. బన్ను రాలేదు.

"అందుకే నన్ను క్షమించలేదు," అన్నాడు మెల్లగా.

"క్షమించడమేమిట్రా? ఆవిడ ఏమంటోందో తెలుసా? 'ఆల్గోట్ గెడతో మంచు పొడిచీ పొడిచీ చేతులు రక్తాలు చేసుకున్నాడు. నాకు మొహం చూపించలేక తలొంచుకునేవాడు, పలకరిస్తే ఇంకా బాధపడతాడని నేను కారు దిగలేదు. అలాంటి రోజు ఇంకో మనిషికి రాకూడదు' అంటోంది. వంతెన ఎందుకంటే అందుకట."

ఆల్గోట్ తన అరచేతులు చూసుకున్నాడు. నలభై రోజులుగా రోజూ ఆ మాట పక్కనే పలికి ఉంటుంది. ఆయనేమో కిటికీ మూసుకుని కూర్చునేవాడు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

సరిగ్గా అప్పుడే మంచు విడింది. ముందు చర్చి గోపురం, తరవాత నీళ్లు, ఆ తరవాత బోర్డులు. రెండు బెంచీల మీది జనమూ ఒక్కసారి తలెత్తి చదివారు, ఎడమ బోర్డు కుడికీ కుడిది ఎడమకీ వెళ్లిందని అప్పుడు తెలిసింది. గోల మొదలైంది.

"అంటే నువ్వు మారలేదా?" అన్నాడు హిల్డింగ్.

"నేనెందుకు మారతాను?"

"మరి ఇంతసేపూ నాకెందుకు చెప్పావు?"

"నువ్వెందుకు విన్నావు?"

హిల్డింగ్ ఆలోచించాడు. "ఇంకో బన్నుందా?" అన్నాడు.

మునిసిపాలిటీకి ఫోన్ చేస్తే, శనివారం ఎవరూ నిచ్చెన ఎక్కకూడదు, సోమవారం చూస్తామన్నారు. సిక్‌స్టెన్ తనే ఎక్కుతానని బయల్దేరాడు. అప్పుడు గున్‌వోర్ బయటికొచ్చింది.

"ఉండనీ సిక్‌స్టెన్. ఈ నలభై రోజుల్లో నా మాట ఆఖరిదాకా విన్నది ఇవాళ మీవాళ్లే. మావాళ్లు మొదటి మాటకే చప్పట్లు కొట్టి వెళ్లిపోతారు."

బోర్డులు అలాగే ఉండిపోయాయి. ఆ మధ్యాహ్నం రెండు కిటికీలూ మూతపడలేదు. సాయంత్రం రెండు బడ్డీల మధ్య సందులోంచి ఒక చెయ్యి వచ్చింది, చేతిలో బన్ను ఉంది.

"తీసుకో. నీ బన్నుల్లో ఏలకులు తక్కువని అందరూ చెప్పుకుంటున్నారు."

ఆదివారం ఓట్లు పడ్డాయి. తొమ్మిది ఓట్ల తేడాతో బల్లకట్టు నెగ్గింది. సోమవారం పొద్దున గున్‌వోర్ బల్లకట్టెక్కి, కారు దిగి, రెయిలింగ్ దగ్గర ఆల్గోట్ పక్కన నిలబడింది. నీళ్ల మీద కొంచెం మంచు, దాని మీద కొంచెం ఎండ. మూడు నిమిషాలు ఇద్దరూ నీళ్లు చూశారు.

"నీతో ఒకటి చెప్పాలి," అన్నాడు ఆల్గోట్. "నేను వంతెనకి వేశాను."

ఆమె రెయిలింగ్ వదిలి ఆయన వైపు తిరిగింది.

"పిచ్చివాడా. ఆ ఏడు నిమిషాల సంగతి చెక్కల్లోంచి అంతా వినబడింది. నేను బల్లకట్టుకి వేశాను."

అవతలి ఒడ్డు ఇంకా నాలుగు నిమిషాల దూరంలో ఉంది. నలభై రోజులు గొంతు చించుకుని వాళ్లిద్దరూ సాధించిన మార్పు మునిసిపాలిటీ లెక్కలో ఎక్కడా కనబడలేదు.