పరదేశి స్మారక పవన ప్రసార పథకం

రాయ్‌పూర్ పట్టణం మోవా పేటలోని ఆంధ్ర సౌహార్ద సమితి కల్యాణమంటపంలో దుర్వాసన అనునది ఇకమీదట ఉండబోదనీ, ఉన్నదని ఎవరైనా భావించినచో అది వారి వ్యక్తిగత అభిప్రాయముగా పరిగణింపబడుననీ సమితి కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించింది. అధ్యక్షులు భీమారావుగారు ప్రతిపాదించారు, కార్యదర్శి గిరిధర్‌గారు బలపరిచారు. వ్యతిరేకించినవారు లేరు. దుర్వాసనకు సమితిలో సభ్యత్వం లేదు గనక దాని అభిప్రాయం అడగలేదు.

ఇంతటి తీర్మానానికి దారితీసిన పరిస్థితులు చరిత్రకెక్కవలసినవి.

రాయ్‌పూర్‌లో తెలుగువారికంటూ ఒక నీడ ఉండాలని రైల్వేలోనూ, ఉక్కు కర్మాగారాల్లోనూ, బట్టల దుకాణాల్లోనూ చెమటోడ్చిన పెద్దలు కట్టుకున్న మంటపమది. పునాదిరాయి నుంచి పైకప్పు దాకా దాతల దయ. దయ అనేది నలుగురికీ కనబడాలి గనక ప్రతి వస్తువు మీదా దాత పేరు ఉంటుంది. ట్యూబులైట్ల మీద ఎర్రరంగుతో పేర్లు రాయించడం వల్ల వెలుతురు సగమే వస్తుంది. మిగతా సగం పుణ్యంగా జమ అవుతుంది. ఫ్యాను రెక్కల మీద పేర్లున్నాయి. ఫ్యాను తిరిగితే పేరు కనబడదు గనక దాత కుటుంబం విచ్చేసినప్పుడు ఫ్యాను ఆపుతారు. మే నెలలో రాయ్‌పూర్ ఎండ తెలిసినవారు ఈ మర్యాద విలువను గ్రహించగలరు. స్టీలు గ్లాసుల మీద స్వర్గస్థుల పేర్లున్నాయి. కుర్చీల వీపుల మీద భీమారావుగారు తమ షష్టిపూర్తి సందర్భంగా భార్య పేరిట 'శ్రీమతి కోటమ్మగారి సౌజన్యంతో' అని తెల్ల అక్షరాలతో రాయించారు. కుర్చీలో మనిషి కూర్చుంటే ఆ అక్షరాలు మరుగున పడతాయన్నది ఒక్కటే వారికి మిగిలిన చింత.

పేరు లేని చోటు మంటపం లోపల ఒకటే ఉండేది. మరుగుదొడ్లు. కన్నతండ్రిని అక్కడ స్మరించుకోవడానికి ఏ కుమారుడూ ముందుకు రాలేదు. దాత లేని చోటికి దిక్కెవరు? అందుచేత ఆ విభాగం సొంత కాళ్ల మీద నిలబడి, క్రమేణా సొంత వ్యక్తిత్వాన్ని సంతరించుకుని, పెళ్లికి వచ్చినవారిని గుమ్మంలోనే పలకరించే స్థాయికి ఎదిగింది.

మగవారికి దీనివల్ల ఇబ్బంది లేదు. మంటపానికి ప్రహరీగోడ ఉంది, గోడకు అవతలివైపు కూడా ఉంది. ఆడవారికి అంతకంటే ప్రాచీనమైన ఉపాయం తెలుసు. మంటపంలో శుభకార్యం అంటే తెల్లవారి కాఫీ తర్వాత నీటిచుక్క ముట్టరు. పట్టుచీరలు, పూలు, నగలు, నవ్వులు, ఎండిన నాలుకలు. ఈ నిష్ఠను శాస్త్రం ఏ వ్రతంగానూ గుర్తించకపోవడం శాస్త్రం లోపం.

గత వేసవిలో కల్యాణి అనే అమ్మాయి పెళ్లి జరిగింది. అక్షింతలు వేయడానికి వేదిక ఎక్కిన కోటమ్మగారు అక్షింతలతో పాటు తామూ వధూవరుల మీద పడ్డారు. ఆస్పత్రిలో డాక్టరు చూసి, మూత్రపిండంలో రాయి ఉందనీ, నీళ్లు తాగడం ఒక్కటే మందనీ, గంటకో గ్లాసు తప్పనిసరి అనీ హిందీలో గట్టిగా చెప్పాడు. కోటమ్మగారు శ్రీకాకుళం తెలుగులో అంతకంటే మెల్లగా భర్తను అడిగారు.

"ఏటండీ, తాగమని సెప్పడం ఆసాన్‌గానే ఉంటాది. తాగినాక ఎక్కడికెల్లమంటారు?"

భీమారావుగారు రైల్వేలో పెద్ద హోదాలో పదవీ విరమణ చేసినవారు. ప్రశ్నకు జవాబు లేనప్పుడు ప్రతిజ్ఞ చేయాలన్నది వారి సర్వీసు అనుభవం.

"మన నీలిమ నిశ్చితార్థం ఆ మంటపంలోనే చేస్తాను. అందరి ముందూ నీచేత గ్లాసెడు నీళ్లు తాగిస్తాను. అధ్యక్షుడిగా చెప్తున్నాను."

"మొగుడిగా సెప్పండి, నమ్ముతాను," అన్నారు కోటమ్మగారు. అయినా నమ్మారు. కూతురి నిశ్చితార్థం నోరెండకుండా చూడాలన్న ఆశ అటువంటిది.

కార్యవర్గం సమావేశమైంది. అగరువత్తులు, కర్పూరం, కలరా ఉండలు, తలుపు మీద మల్లెతీగ బొమ్మ మొదలైన ప్రతిపాదనలు పరిశీలనకు వచ్చాయి. రోజూ నీళ్లు పోసి కడిగిస్తే ఎలా ఉంటుందని ఎవరో వెనక వరసలోంచి అన్నారు. కడిగితే మళ్లీ కడగవలసి వస్తుందనీ, సమితి శాశ్వత పరిష్కారాలనే కోరుతుందనీ గిరిధర్‌గారు వివరించడంతో ఆ సభ్యుడు సిగ్గుపడి కూర్చున్నాడు.

శాశ్వత పరిష్కారం అధ్యక్షుల మేనల్లుడు సందీప్ దగ్గర ఉంది. అతడు ఇంజనీరు. కమోడ్‌లోనే ఇమిడి ఉండే వాయుప్రసారం గురించి బొమ్మగీసి చెప్పాడు. సీటు కింద సన్నని రంధ్రాలుంటాయి. గోడలోపల చిన్న ఫ్యాను ఉంటుంది. వాసన పుట్టిన చోటనే దాన్ని పీల్చి, గొట్టంలోకి నెట్టి, గోడ బయట వదిలేస్తుంది. ముక్కుదాకా వచ్చే అవకాశమే దానికి ఇవ్వదు.

"అంటే పుట్టగానే అరెస్టు," అన్నారు భీమారావుగారు పరవశించి.

"అలాగే అనుకోండి మావయ్యా. కానీ గొట్టం చివర బయట తెరిచి ఉండాలి. అది ఒక్కటీ మరవకండి."

ఎన్ని ఫ్యాన్లు పెట్టాలన్న దాని మీద చర్చ లోతుగా సాగింది. మగవారి వైపు నాలుగు, ఆడవారి వైపు ఒకటి చాలునని తేలింది. స్త్రీలు నీళ్లు తాగరు, కాబట్టి వెళ్లరు, కాబట్టి వారికి ఫ్యాన్లతో పనిలేదు. ఈ తర్కంలో దోషం పట్టుకోగలిగినవారు సభలో ఎవరూ లేరు. స్త్రీలు అసలే లేరు. అయిదు ఫ్యాన్లకూ కలిపి ఒకే గొట్టం వేయడం ఐకమత్యానికి సూచన అని కూడా మినిట్స్‌లో రాసుకున్నారు.

గొట్టం పైకప్పు మీదికి పోవాలని సందీప్ అన్నాడు. పైకప్పు దాతగారి మనుమలు, తాతగారి నెత్తికి చిల్లు పెట్టనివ్వమన్నారు. కనుక గొట్టం బిలాస్‌పూర్ రోడ్డువైపు గోడలోంచి బయటకు వచ్చింది. ఆ గోడకింకా దాత లేడు.

ఇక మిగిలింది దాత. పండరీ బజారులో బట్టల టోకు వ్యాపారం చేసే మురళీమోహన్‌గారి తండ్రి పరదేశిగారు అంతకుముందే కాలం చేశారు. కాలం చేసినవారు అందుబాటులో ఉన్న కుటుంబాన్ని సమితి ఎప్పుడూ వదులుకోలేదు.

"మా నాన్న పేరు లెట్రిన్ మీదా, ప్రెసిడెంట్ గారూ?" అన్నారు మురళీమోహన్‌గారు. "బజార్లో నా ఇజ్జత్ ఏటవుతాది?"

"లెట్రిన్ అని ఎవరన్నారు మురళీ బాబూ? ఇది గాలికి సంబంధించిన పథకం. గాలి అంటే ప్రాణం. ప్రాణదాత మీ నాన్నగారు."

"పేరు లోపల ఉండకూడదు."

"ఉండదు."

"తలుపు మీద ఉండకూడదు."

"ముట్టుకోం."

"రోడ్డు మీద పోయే ప్రతివాడూ చదవాలి."

అంతటితో పరదేశి స్మారక పవన ప్రసార పథకం అవతరించింది. పాలరాతి శిలాఫలకానికి రోడ్డువైపు గోడ కేటాయింపబడింది. ఫలకం మీద పరదేశిగారి ముఖచిత్రం, కింద జీవిత విశేషాలు, ఆ కింద కార్యవర్గ సభ్యుల పేర్లు హోదా ప్రకారం చెక్కించారు. హోదాలు ఎక్కువ కావడం వల్ల ఫలకం పెరిగింది. పెరిగిన ఫలకాన్ని గోడకు ఆనించి చూడగా గొట్టం నోరు దాని వెనక్కి పోయింది.

"మావయ్యా, గాలి బయటకు పోయే దారి అదే," అన్నాడు సందీప్.

ఫలకాన్ని కిందికి దించితే స్కూటర్లు అడ్డం వచ్చి కార్యవర్గం కనబడదు. పక్కకు జరిపితే కరెంటు స్తంభం అడ్డం. గొట్టం నోరున్న మేరకు ఫలకానికే చిల్లు పెడదామని సందీప్ కొలిచి చూశాడు. చిల్లు సరిగ్గా పరదేశిగారి ముక్కు దగ్గర పడింది.

మురళీమోహన్‌గారు ఫలకం మీద తండ్రి ముక్కును వేలితో తడిమి చూశారు. "అంటే, అందరి గాలీ మా నాన్న ముక్కులోంచి రావాలా?" అన్నారు.

భీమారావుగారు లేచి, గాలి స్వభావరీత్యా స్వేచ్ఛాజీవి అనీ, దానికి దారి చూపించడం దాని తెలివిని శంకించడమే అవుతుందనీ తీర్పు చెప్పారు. ఫలకాన్ని సిమెంటుతో గట్టిగా అమర్చారు. ఎక్కడా సందు లేకుండా పని చేసిన తాపీమేస్త్రీకి శాలువా కప్పారు. సందీప్ భిలాయిలో పని ఉందని వెళ్లిపోయాడు.

అధ్యక్షుల తీర్పు అక్షరాలా నిజమైంది. మగవారి వైపు నాలుగు ఫ్యాన్లు ఒక్కసారిగా నెట్టిన గాలి గొట్టంలో ముందుకు పోయి, పరదేశిగారిని వెనకనుంచి దర్శించుకుని, తిరిగివచ్చి, ఎదిరించే బలం లేని ఆ ఒంటరి ఫ్యానును తోసుకుని ఆడవారి కమోడ్‌లోంచి స్వేచ్ఛగా బయటికి వచ్చింది. మగవారి వైపు మాత్రం అద్భుతమైన ఫలితాలు కనిపించాయి. కార్యవర్గం మొత్తం అక్కడ నిలబడి గుండెల నిండా ఊపిరి పీల్చి తృప్తి పత్రం మీద సంతకాలు చేసింది. గిరిధర్‌గారు అక్కడే కుర్చీ వేయించుకుని పత్రిక చదివారు. ఆడవారి వైపు తనిఖీ చేయడం మర్యాద కాదు గనక చేయలేదు.

నిశ్చితార్థం రోజు రానే వచ్చింది. ప్రారంభోత్సవం, నిశ్చితార్థం ఒకే సభలో పెట్టారు. పందిరి ఖర్చు కలిసి వస్తుందని. పెళ్లికొడుకు వివేక్ తరఫువారు తిల్దాలో రైసుమిల్లు ఉన్నవారు. బియ్యపు వ్యాపారానికి తగిన గాంభీర్యంతో ముందు వరసలో కూర్చున్నారు. వేదిక మీద కుర్చీలు వేశారు. మురళీమోహన్‌గారి కుటుంబంతో పాటు ఫ్యాన్ల దాతల కుటుంబాలూ విచ్చేశాయి గనక వారి గౌరవార్థం సభలోని ఫ్యాన్లు ఆపారు.

భీమారావుగారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా. ఒకప్పుడు మన పూర్వులు గంగను భూమికి తెచ్చారు. ఈనాడు మనం గాలిని మంటపానికి తెచ్చాం. ఈ ఘనకార్యానికి ప్రేరణ నా సహధర్మచారిణి. ఆమె ఇవాళ మీ అందరి ముందూ మంచినీళ్లు తాగి ఈ పథకాన్ని జాతికి అంకితం చేస్తుంది."

పరదేశిగారి పేరు చెక్కిన స్టీలు గ్లాసు తెచ్చి ఇచ్చారు. వేదిక కింద ఆడవారి వరసలన్నీ ఆ గ్లాసు వైపే చూశాయి. కోటమ్మగారు ఒకసారి భర్తను, ఒకసారి కూతురిని చూసి, ఎత్తిన గ్లాసు దించకుండా తాగారు. చప్పట్లు మోగాయి. భీమారావుగారి ఉత్సాహం చూసి వియ్యంకుడుగారు రెండో గ్లాసు అందించారు. వియ్యంకుల చేతిని కాదనలేరు గనక అదీ తాగారు.

తరవాత మురళీమోహన్‌గారు ప్రసంగించారు. తరవాత గిరిధర్‌గారు అదే విషయం మీద మళ్లీ ప్రసంగించారు. వాయుతత్వం గురించి ఒక పెద్దమనిషి సృష్టి ఆరంభం నుంచి మొదలుపెట్టి త్రేతాయుగం చేరుకునేసరికి కోటమ్మగారు మెల్లగా వేదిక దిగి స్త్రీల విభాగం వైపు నడిచారు. పక్కింటి తాయారమ్మ తోడు వెళ్లింది.

తలుపు తీశారు. మళ్లీ మూశారు.

"అమ్మోయ్, ఇదేటిది వదినా," అంది తాయారమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. "ముందు మనదొక్కటే ఉండేది. ఇప్పుడు ఆల్లది కూడా మనకే పంపుతున్నట్టున్నారు."

కోటమ్మగారు నవ్వబోయి ఆగారు. నవ్వే పరిస్థితి దాటిపోయింది.

"తాయారూ, నాను ఇంటికెల్లొచ్చేస్తాను. ఎవలికీ సెప్పకు."

"స్టేషన్ అవతల ఇల్లు. ఉంగరాలు మార్చే టైం అయిపోతంది కదా."

"మా ఆయన మల్లీ మైకు పట్టి వదిల్తే కదా ముహూర్తం. ఆటో పిలు, జల్దీ."

ఈ లెక్క ముప్పై ఏళ్ల కాపురం మీద వేసినది, తప్పడానికి వీల్లేనిది. కానీ ఆరోజు సిద్ధాంతిగారు గట్టివారు. త్రేతాయుగంలోనే మైకు లాక్కుని ముహూర్తం దాటిపోతోందని ప్రకటించారు. బాజాలు మోగాయి. అమ్మ ఏదని నీలిమ అటూ ఇటూ చూసింది. ఇక్కడే ఎక్కడో ఉంటుంది, కొత్త ఏర్పాట్లు చూస్తూ ఉంటుంది అని భీమారావుగారు గర్వంగా అన్నారు. కోటమ్మగారి ఆటో అప్పటికి పండరీ బట్టల బజారు దగ్గర లారీల మధ్య నిలిచి ఉంది.

ఉంగరాలు మారాయి. ఆమె తిరిగి వచ్చేసరికి వేదిక మీద పూలు ఊడుస్తున్నారు. నీలిమ తల్లి చేయి పట్టుకుంది. "ట్రాఫిక్ జామ్ అమ్మా," అన్నారు కోటమ్మగారు.

విందు ఘనంగా జరిగింది. పథకం విజయవంతమైనట్టు మర్నాడు సమితి వార్తలేఖ ప్రకటించింది. బంతులు లేచాక ఆడవారి వైపు గ్లాసులన్నిటిలోనూ పోసిన నీళ్లు పోసినట్టే ఉన్నాయి. వాటిని వృథా చేయకుండా బిందెల్లోకి వంచి, బిలాస్‌పూర్ రోడ్డు దుమ్ము పట్టిన శిలాఫలకాన్ని శుభ్రంగా కడిగారు. కడగడం శాశ్వత పరిష్కారం కాకపోయినా రాతికి తప్పదు.

నిశ్చితార్థం ఫొటో ఇప్పుడు భీమారావుగారి ముందుగదిలో పెద్ద చట్రంలో వేలాడుతోంది. నీలిమ వేలికి ఉంగరం తొడుగుతున్న వివేక్, ఒకవైపు మిల్లు బంధువులు, ఇంకోవైపు చేయెత్తి ఆశీర్వదిస్తున్న భీమారావుగారు. ఫొటోలో పెళ్లికూతురి తల్లి లేదేమని చూడవచ్చినవారు అడుగుతుంటారు. లేదనడం సరికాదు. భీమారావుగారి పక్క కుర్చీ ఖాళీగా ఉంది గనక, దాని వీపు మీద తెల్ల అక్షరాలతో 'శ్రీమతి కోటమ్మగారి సౌజన్యంతో' అని స్పష్టంగా కనిపిస్తూనే ఉంది.