నిమ్మనూనె విభూతి మహిమ

ప్రతి వ్యాపారీ ఒక్కసారైనా నుదురు కాల్చుకోవాలి. ఇది ఊరికే అంటున్న మాట కాదు. లాభనష్టాలు బేరీజు వేసుకుని అంటున్నాను.

నా పేరు నంజుండప్ప. రాబర్ట్‌సన్‌పేట బజారులో మాది కిరాణా అంగడి. మా తాత నాటి నుంచి పప్పూ ఉప్పూ అమ్ముతున్నాం. ఇన్నేళ్లలో ఏ బోర్డూ, ఏ ఆఫరూ చేయలేని మేలు నాకు బొటనవేలంత సీసా ఒకటి చేసింది. ఎలాగో వినండి. కాల్చుకోవడం తర్వాత సంగతి.

వేసవి మొదట్లో సునీల్‌కుమార్ అనే సేల్స్‌మన్ నిమ్మ ఎసెన్షియల్ ఆయిల్ సీసాలు తెచ్చి నా బల్ల మీద పేర్చాడు. ఒకదాని మూత తీయగానే అంగడిలో ఇంగువ వాసన కూడా ఓడిపోయింది.

"ఇది ఒంటికి పడతాదా నాయనా?" అని అడిగాను.

"హండ్రెడ్ పర్సెంట్ న్యాచురల్ అప్పా. నిమ్మతొక్క పిండి తీసింది. నిమ్మకాయ యాడన్నా మనిషిని కరిచిందా?"

ఈ ప్రశ్నకు ఎవరి దగ్గర జవాబుంటుంది? బంగారు గనులు వదిలిపోయిన సైనైడ్ దిబ్బల దుమ్ము పీల్చి పెరిగిన ఊరు మాది. అయినా సబ్బులో కెమికల్ ఉందంటే వణికిపోతాం. అలాంటి చోట న్యాచురల్ అనే మాట ఎంత పలుకుతుందో నాకు తెలియదా? సీసాలన్నీ దించుకున్నాను. దారిన పోయేవాళ్లకు కనబడాలని ఎండ పడే అద్దాల షోకేసులో పెట్టాను.

సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఏదో రాసి ఉంది. అంగడిలో ప్రతి సరుకు మీదా ఏదో ఒకటి రాసే ఉంటుంది. అవన్నీ చదువుతూ కూర్చుంటే అమ్మేదెప్పుడు?

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త సరుకు ఏదొచ్చినా ముందు దేవుడికి. కొత్త బియ్యమైతే నైవేద్యం, కొత్త కర్పూరమైతే హారతి. మరి నిమ్మనూనెతో ఏం చేయాలి? బాగా ఆలోచించి, సోమవారం పొద్దున విభూతి తడిపేటప్పుడు నీళ్లకు బదులు ఆ నూనె ధారాళంగా పోశాను. లింగానికి పూసి, నా నుదుటికి మూడు పట్టెలు దిద్దుకున్నాను.

"దేవుడింట్లో నేల తుడిచే నీళ్ల వాసన వస్తా ఉండాదే," అంది నా భార్య విశాలమ్మ. మార్కెటింగ్ తెలియని మనిషని సరిపెట్టుకున్నాను.

ఆ పట్టెలతోనే స్కూటరెక్కి చింతపండు చూడడానికి కామసముద్రం వెళ్లాను. నెత్తిన పెడితే విభూతి చెరిగిపోతుందని హెల్మెట్‌ను హ్యాండిల్‌కు తగిలించాను. దేవుణ్ణి నెత్తిన పెట్టుకుని చట్టాన్ని హ్యాండిల్‌కు తగిలించడం మా వైపు కొత్తేమీ కాదు. మిట్టమధ్యాహ్నం దాకా తోటల్లో, కల్లాల్లో తిరిగాను.

రాత్రికి నుదురు మండింది. మర్నాడు మూడు పట్టెలూ ఎర్రగా తేలాయి. ఆ తర్వాత పొక్కులు లేచాయి. అవి ఆరేసరికి స్కేలు పెట్టి గీసినట్టు మూడు గోధుమరంగు చారలు మిగిలాయి. తోమినా పోలేదు.

కోలారులో చర్మం డాక్టరమ్మ సీసా తిప్పి, వెనక రాసింది చదివింది. తొక్క పిండి తీసిన నిమ్మనూనె ఒంటి మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కాలుతుందట. అసలు నేరుగా పూయనే కూడదట. కొబ్బరినూనెలో ఒకటి రెండు చుక్కలు కలిపి పలచన చేసుకోవాలట, అప్పుడు కూడా పూసిన చోట ఆ రోజు ఎండ పడకూడదట. ఎండలో నిలవున్న సీసాతో దద్దుర్లు కూడా రావచ్చట. మచ్చలు పోవడానికి నెలలు పడతాయంటూ ట్యూబు రాసిచ్చింది.

ఇక లాభాలకు వద్దాం!

నా విభూతి చెమటకు కారదు, వానకు తడవదు. పూజ ఎగ్గొట్టిన రోజు కూడా చేసినట్టే కనిపిస్తాను. అవన్నీ చిల్లర లాభాలు. అసలు లాభం బజారులో పుట్టింది. "శివుడు నంజుండప్ప నొసట తానే నిలిచినాడంట," అని ఎవరో అన్నారు. నేను అవునని చెప్పలేదు. కాదని చెప్పడానికి మాత్రం గిరాకీల మధ్య తీరిక చిక్కలేదు. కందిపప్పు కొనేవాళ్లు ముందు దణ్ణం పెట్టి, తర్వాత సంచీ చాచారు. తూకం మళ్లీ చూపించమని అడిగేవాళ్లే కరువయ్యారు. సాక్షాత్తూ శివుణ్ణి నొసట మోసే మనిషి కాటాను శంకిస్తారా?

సీసాలు మాత్రం కదల్లేదు. అప్పుడొచ్చింది గురువమ్మ.

మా అంగడి ఎదుట ఫుట్‌పాత్ మీద పొద్దున్నించి పొద్దు గుంకేదాకా మల్లెపూలు అమ్ముతుంది. ఆమె తల మీద ఆకాశం తప్ప మరో కప్పు లేదు.

"పూలమ్మే ముక్కప్పా ఇది. నీ విభూతిలో నిమ్మవాసన ఆ పొద్దే కనిపెట్టినాను. ఆ సీసా ఇయ్యి. మోకాళ్లు పీకతా ఉండాయి. నీకు మూడు గీతలకే నిలిచినాడు కదా దేవుడు, నేను చేతులకూ మెడకూ అంతా పూసుకొని కూర్చుంటాను."

సీసా నా చేతిలోకి వచ్చింది. ఇది ఇస్తే ఆమె వెనకే బజారంతా వస్తుంది, షోకేసు ఖాళీ అవుతుంది. నిజం చెబితే నొసటి దేవుడు దిగిపోతాడు. ఇంకో పక్క ఆమె రెండు చేతులూ, మెడా, ఆ ఎండా. మీరైతే ఏం చేసేవారు? తొందరపడి చెప్పకండి, మీకు షోకేసు లేదు.

"ఇది దేవుడు కాదమ్మా, కాలిన మచ్చ," అన్నాను. "ఆ నూనె పూసుకొని ఎండలో కూర్చుంటే ఒళ్లు కాలతాది."

"దేవుడు నీ ఒక్కనికే ఉండాల్నా? ఇంగ పక్కంగట్లో తీసుకుంటా పో."

ఆమె నిజంగానే మెట్టు దిగింది. అబద్ధమాడకుండానే జనాన్ని నమ్మించిన నోటికి, నిజం చెప్పి ఒక్క మనిషిని ఆపడం చేతకాలేదు. లోపలి నుంచి విశాలమ్మ వచ్చింది. గిరాకీలందరి ముందూ నా తల వంచి, ట్యూబు పిండి, మూడు చారలకూ మందు పట్టించింది.

"చూడు గురువమ్మా. మీ దేవునికి పూటపూటకూ మందు పూసి సాకతా ఉండాను."

అంగడంతా నవ్వింది. గురువమ్మ వెనక్కి వచ్చి నా నుదుటిని వేలితో తాకి చూసింది.

"ఇన్ని దినాలు దేవుడని యాల చెప్పినావప్పా?"

"నేను చెప్పలేదమ్మా. మీరే అంటిరి."

"కాదని అంటివా?"

వెనక నుంచి ఎవరో, "ఆ కందిపప్పు ఇంగొకసారి తూకం వెయ్యప్పా," అన్నారు. వేశాను.

"సరే పో," అంది గురువమ్మ. "ఎండకు ఒళ్లు మండతా ఉండాది. ఈ న్యాచురల్ కానిది ఏమన్నా ఉంటే ఇయ్యి."

అంగడంతా వెతికాను. సబ్బు మీద న్యాచురల్ అని ఉంది. తలకు వేసే నల్లరంగు మీద ఉంది. ఫినాయిల్ మీద ఉంది. ఎలుకల మందు డబ్బా మీద, పచ్చటి ఆకు బొమ్మతో సహా ఉంది.

ఆ మాట అచ్చు వేయని సరుకు చివరికి దూలానికి వేలాడుతూ ఒక్కటే కనిపించింది. దించి ఇచ్చాను. గురువమ్మ ఆ గొడుగును అంగట్లోనే విప్పి చూసుకుని, ఎండలోకి దిగింది.