చివరి అప్‌డేట్: ఇప్పుడే

"ఇకమీదట ఈ గడ్డ మీద ఎక్కడ తలదాచుకోవాలో తెలియక తడిసిన మనిషి ఒక్కడు కూడా కనిపించడు" అని విపత్తుల మంత్రిగారు ప్రకటించారు. ప్రకటించే సమయానికి బయట ఎండ మాడ్చేస్తోంది. కాబట్టి ఆ మాట ఆ క్షణం నుంచే నిజమైపోయింది. విలేకరులు రాసుకున్నారు.

ఆ వాక్యం రాసిచ్చింది మంత్రిగారి ప్రచార అధికారి. ఏం చెప్పినా ముందు "హైలైట్ ఏంటంటే" అనడం అతనికి ఊతపదం. అందుకని ఆఫీసులో పెద్దా చిన్నా అందరూ అతన్ని హైలైట్ గారనే పిలుస్తారు. అతనూ పలుకుతాడు. మంత్రిగారు తుమ్మితే అందులోంచి కూడా ప్రజలకు పనికొచ్చే విషయం తీసి పత్రికలకి పంపగల సమర్థుడు.

ఆ రోజు ప్రారంభమైంది ఒక వెబ్‌సైట్. వరద వచ్చినా తుపాను వచ్చినా ఏ పునరావాస కేంద్రం తెరిచి ఉంది, ఎక్కడ చోటుంది, ఎక్కడ నిండిపోయింది అన్నది ఎప్పటికప్పుడు అందులో చూపిస్తారు. ఆకుపచ్చ చుక్క ఉంటే రండి, ఎర్ర చుక్క ఉంటే వద్దు. అంతే, పసిపిల్లాడికైనా అర్థమవుతుంది. మంత్రిగారి గది పక్కనున్న హాల్లో గోడంత తెర బిగించి, ఆ హాలుకి వార్ రూమ్ అని పేరు పెట్టారు. మంత్రిగారు బటన్ నొక్కారు. తెర వెలిగింది. దాంతో పాటే మంత్రిగారి ముఖం మాడింది.

"మధ్యలో ఈ ఎర్రవి ఏంటి?"

"నిండిపోయిన కేంద్రాలు ఎలా కనిపిస్తాయో చూపిద్దామని పెట్టాం సార్" అంది వెబ్‌సైట్ చూసే ఆపరేటరమ్మ.

"నిండిపోయిందంటే అర్థమేంటమ్మా? మనం సరిపడా పెట్టలేదని. మన చేతకానితనం మన గోడ మీద మనమే రాసుకుంటామా?"

"నిండిపోయిన చోటికి వెళ్ళొద్దని జనానికి చెప్పాలి కదా సార్."

"వెళ్తే వాళ్ళకే తెలుస్తుంది."

హైలైట్ ముందుగా చప్పట్లు కొట్టాడు. ఎరుపు ఆ పూటే తీసేశారు. తెర అంతా నారుమడిలా పచ్చగా, చూడముచ్చటగా తయారైంది.

అప్పుడు మంత్రిగారి చూపు పైమూలకి పోయింది. అక్కడ చిన్న అక్షరాల్లో ‘చివరి అప్‌డేట్: ఇప్పుడే’ అని ఉంది, పక్కనే గంటా నిమిషం.

"ఇది బాగుంది. ఇదేంటి?"

"పేజీ దానంతటదే రిఫ్రెష్ అయినప్పుడల్లా టైమ్ మారుతుంది సార్. కింద వివరాలు మాత్రం మనమే మార్చాలి."

"మారుతోంది కదా."

"టైమ్ సార్ మారేది."

"నిమిషం నిమిషం మారుతోందా లేదా? ఇంతకు ముందున్న మంత్రి ఉన్నన్నాళ్ళలో ఒక్కటంటే ఒక్కటి మారిందా? దీని అక్షరాలు పెద్దవి చెయ్యండి."

చేశారు. వాటికి చోటు కావాలి గనక కింద కేంద్రాల పేర్లు చీమ తలకాయంత అయ్యాయి. హైలైట్ ఊరుకోలేదు, పుకార్లు రాకుండా ఒక పద్ధతి కూడా పెట్టించాడు. ఏ చుక్క తియ్యాలన్నా కేంద్రం ఇన్‌చార్జి సంతకంతో కాగితం రావాలి, దాని మీద పై అధికారి ముద్ర పడాలి, మంత్రిగారి పేషీ సరేననాలి. ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటు వరదకి కూడా ఎవరూ చెయ్యలేదు.

సభ ముగిశాక ఖాళీ కప్పులు ఏరుకుంటూ టీ పెద్దమ్మ తెర ముందు ఆగింది. ఆ ఆఫీసులో టీ పోసేది ఆవిడే.

"బాబూ, మా అమ్మాయికి మొన్ననే పురుడొచ్చింది. కాలవ గట్టు కింద ఉంటారు. వానొస్తే ఇంట్లోకి నీళ్ళు. పసిగుడ్డుతో ఎక్కడికి పొమ్మనేది?"

హైలైట్ మంచి ఉషారులో ఉన్నాడు. "అందుకే కదా పెద్దమ్మా ఇదంతా. వెబ్‌సైట్ చూడు."

"నా ఫోన్లో అవన్నీ రావు బాబూ." రబ్బరు బ్యాండు వేసిన నొక్కుడు బటన్ల ఫోన్ జాకెట్లోంచి తీసి చూపించింది.

"నీకు ఫోనెందుకు? ఇంత గోడ పెట్టుకుని. హైలైట్ ఏంటంటే, లోకమంతా చిన్నది చూస్తుంది, నువ్వు పెద్దది చూస్తావు. ఇదిగో కాలవ. ఇదిగో పక్కనే బాలికల బడి. ఆకుపచ్చ చుక్క."

"ఈ చుక్క ఉంటే పోవచ్చా?"

"కళ్ళు మూసుకుని పోవచ్చు."

పెద్దమ్మ ఆ చుక్క దగ్గరికి పోయి, వేలు తగలకుండా చూపించి, ఇదేనా అని మళ్ళీ అడిగి, గుర్తు పెట్టుకుని వెళ్ళింది.

తర్వాత కొన్నాళ్ళకి వాన వచ్చింది. మంత్రిగారి ప్రకటన దాని చెవిన పడినట్టు లేదు, మొదలుపెట్టింది మొదలు ఎడాపెడా కొట్టింది. రెండో రోజు పొద్దుటికి కాలవ గట్టు దాటింది. వార్ రూమ్ నిండా అధికారులు. ఎవరి ముందు వాళ్ళకి టీ. గోడ మీద మాత్రం ఏ మార్పూ లేదు, పచ్చగా కళకళలాడుతోంది.

ఆపరేటరమ్మ ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పిలిచింది. "సార్, బాలికల బడిలోకి నీళ్ళొచ్చేశాయట. నడుం లోతు. లోపలున్న వాళ్ళని మేడ మీదికి ఎక్కించారట, అక్కడ నిలబడ్డానికి కూడా చోటు లేదట. చుక్క తీసేస్తాను."

"కాగితం వచ్చిందా?" అన్నాడు హైలైట్.

"ఫోన్ చేశారు సార్."

"ఫోన్లో ఎవడైనా ఏమైనా చెప్తాడు. సంతకం ఏది?"

"ఇన్‌చార్జి మేడ మీదున్నాడు సార్."

"మేడ మీదుంటే సంతకానికి ఏం అడ్డం?"

"కాగితాలు కింద ఉన్నాయట."

"కింద అంటే?"

"నీళ్ళల్లో."

హైలైట్ కాసేపు ఆలోచించాడు. ఆలోచన లేకుండా నిర్ణయం తీసుకునే మనిషి కాదు. "ఆరాక పంపమను" అన్నాడు.

ఆవిడ వదల్లేదు. "పోనీ, బస్ డిపో మేనేజరు తాళాలు తీసి పైన హాలంతా జనానికి ఇచ్చాడట. ఎత్తులో ఉంది, పొడిగా ఉంది. అదైనా చేర్చనివ్వండి."

"దానికి ప్రారంభోత్సవం జరగలేదు. మంత్రిగారు అడుగుపెట్టని చోట జనం ఎలా అడుగుపెడతారు? అయినా కందకి లేని దురద కత్తిపీటకెందుకమ్మా? ఉద్యోగం చూసుకో."

ఆవిడ ముఖం గంటు పెట్టుకుని మళ్ళీ ఫోనెత్తింది. ఇలాంటి మొండి మనుషుల వల్లే ప్రభుత్వాలకి చెడ్డపేరొస్తుందని హైలైట్ మనసారా అనుకున్నాడు.

అంతలో అతని ఫోన్ మోగింది. భార్య.

"మన వీధిలోకి నీళ్ళొస్తున్నాయండీ. అమ్మనీ పిల్లలనీ తీసుకుని బాలికల బడికి బయల్దేరుతున్నా. మీ వెబ్‌సైట్లో పచ్చగా ఉంది."

హైలైట్ లేచి గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "వెళ్ళకు. అక్కడ నడుం లోతు నీళ్ళు. బస్ డిపో మేడ మీదికి పో."

"అది సైట్లో లేదే?"

"ఉండదు. దానికి ప్రారంభోత్సవం కాలేదు."

"మరి బడి ఎందుకుంది?"

"దానికి అయింది. ముందు నువ్వు కదులు."

"పక్కింటి వాళ్ళు కూడా బడికేనంటున్నారు. చెప్పనా?"

"నీకు దణ్ణం పెడతా, ఎవరికీ చెప్పకు. పక్కింటావిడ నోట్లో నువ్వుగింజ నానదు. రేపు పేపర్లో వస్తుంది."

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగాడు. అప్పుడు చూశాడు. హాల్లో ఒక్కరూ తిన్నగా కూర్చుని లేరు. డైరెక్టరు కిటికీ అద్దానికి ముఖం ఆనించి "బావా, ఆ సైట్ చూడకు, నేను చెప్పేది విను" అంటున్నాడు. ఇంజనీరు బల్ల కిందికి వంగి చెల్లెలికి దారి చెప్తున్నాడు. ఎవరి అరచెయ్యి వాళ్ళ నోటికి అడ్డం. ఇంతమంది ఇంత శ్రద్ధగా సరైన సమాచారం చెప్పడం ఆ శాఖ చరిత్రలో అదే మొదలు.

మంత్రిగారి గది తలుపు తెరుచుకుంది. ఆయన నెమ్మదిగా వచ్చి ఆపరేటరమ్మ కుర్చీ వెనక వంగారు. "అమ్మా, మా అత్తగారూ వాళ్ళూ ఇబ్బందిలో ఉన్నారట. ఏది మంచిదంటావు? గోడ మీదది కాదు. నిజంది."

"బస్ డిపో సార్" అంది ఆవిడ తలెత్తకుండా. "గోడ మీద పెట్టనా?"

"తొందరేముంది" అన్నారు మంత్రిగారు. ఆయన గొంతులో కోపం లేదు. ఆయన దగ్గర అదే గొప్ప.

టీవీ వాళ్ళు వచ్చేశారు. కెమెరా తిరిగేసరికి అధికారులందరి చెవులకీ ఫోన్లున్నాయి. మంత్రిగారు వాళ్ళ వైపు చెయ్యి చాపారు. "చూస్తున్నారుగా. ప్రజలతో క్షణం తీరిక లేకుండా మాట్లాడుతూనే ఉన్నారు. తిండి కూడా మానేశారు. ఆ పైన చూడండి, చివరి అప్‌డేట్ ఎప్పుడు? ఇప్పుడే."

"సార్, ఈ సైట్ చూసి సురక్షితంగా వెళ్ళిన వాళ్ళెవరైనా ఉంటే ఒకరితో మాట్లాడించండి. లైవ్‌లో ఉన్నాం" అంది విలేకరి.

హైలైట్ హాలంతా కలయజూశాడు. అతని చూపు పడ్డ ప్రతివాడూ ఫోన్లోకి తల దూర్చుకున్నాడు. అప్పుడు ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ టీ పెద్దమ్మ నోరు విప్పింది.

"నేను చూశాను బాబూ. పొద్దున్నే చుక్క చూసి మా అల్లుడికి ఫోన్ చేశాను. పసిదాన్ని తీసుకుని పొమ్మని."

ఆపరేటరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఏ చుక్క పెద్దమ్మా?"

"బాబు చూపించిందే. బాలికల బడి."

హైలైట్‌కి ఆ పసిగుడ్డు కళ్ళ ముందు మెదిలింది. ఆ వెంటనే లైవ్ అన్న మాట మెదిలింది. రెండోది పెద్దగా మెదిలింది.

"సార్" అంది ఆపరేటరమ్మ.

"లైవ్ అమ్మా" అన్నాడు హైలైట్, పెదాలు కదలకుండా.

అప్పటికే మంత్రిగారు పెద్దమ్మ భుజం మీద చెయ్యి వేసి కెమెరా ముందుకి తెచ్చారు. ట్రే ఎవరో అందుకున్నారు. పెద్దమ్మ కొంగు సర్దుకుని అందరికీ దణ్ణం పెట్టింది.

"చెప్పమ్మా, ధైర్యంగా చెప్పు."

"మా అల్లుడు డిపోకి పోదామన్నాడయ్యా. వీధిలో వాళ్ళెవరో అక్కడ బాగుందన్నారట. నేనే కేకలేశాను. వీధి మాటలు పట్టుకుని బాలింతనీ పసిపిల్లనీ తిప్పుతావా, ప్రభుత్వం గోడ మీద చూసి చెప్తున్నాను, అబద్ధమెందుకవుద్ది అన్నాను. సరే అత్తా అన్నాడు."

మంత్రిగారికి నిజంగానే కళ్ళు చెమర్చాయి. "విన్నారా? పుకార్లకీ, ప్రభుత్వానికీ మధ్య ఈ తల్లి ప్రభుత్వాన్ని ఎంచుకుంది. ఇంతకన్నా మాకేం కావాలి?"

పెద్దమ్మ జాకెట్లో ఫోన్ మోగింది. ఆవిడ ముఖం విప్పారింది. "మా అల్లుడే. చేరామని చెప్పడానికి అయ్యుంటది" అని చెయ్యి పెట్టి తీసింది.

హైలైట్ ఒక్క అంగలో వచ్చి, ఆ ఫోన్ ఆవిడ చేతిలోంచి ఎంతో మర్యాదగా అందుకున్నాడు. "లైవ్ అయ్యాక మాట్లాడుదువుగాని పెద్దమ్మా. మధ్యలో మోగితే బాగుండదు." బటన్ నొక్కాడు. మళ్ళీ మోగింది. మళ్ళీ నొక్కి, మోత తీసేసి, తన జేబులో వేసుకున్నాడు.

ఆపరేటరమ్మ అతని జేబు వంక చూసింది. తర్వాత గోడ వంక చూసింది. ఎవరి సంతకం కోసమూ ఆగకుండా కూర్చుని రెండు మీటలు నొక్కింది. తెర మీద కాలవ పక్కనున్న ఆకుపచ్చ చుక్క మాయమైంది.

విలేకరి కళ్ళు చురుకైనవి. "సార్, ఇందాక అక్కడో చుక్క ఉండాలి. పోయిందేంటి?"

మంత్రిగారు వెనక్కి తిరిగి చూశారు. ఒక్క క్షణమే తడబడ్డారు. అనుభవజ్ఞులు.

"పోయిందంటే అక్కడి వాళ్ళకి ఇంక ఆశ్రయం అవసరం లేదన్నమాట. ఎంత త్వరగా పరిష్కరిస్తున్నామో మీరే చూశారు."

అందరికన్నా ముందు హైలైట్ చప్పట్లు కొట్టాడు. కొడుతూ ఉంటే జేబులో ఫోన్ కదులుతూనే ఉంది, తొడకి తెలుస్తోంది. గోడ మీద నిమిషం మారింది. ఇంకో నిమిషం మారింది.

"ఫోన్ ఇస్తావా బాబూ" అంది పెద్దమ్మ.

"ఒక్క క్షణం పెద్దమ్మా" అన్నాడు హైలైట్. జేబులో ఫోన్ కదలడం మానేసింది.