ఒక్క జీబీ సాక్ష్యం

నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. వదిన కంప్యూటరు ముందు కూర్చొని పళ్లు నూరుతోంది. మౌస్ కదిపితే తెర మీద బాణం సురంగల్ నుంచి మొయినాబాద్‌కు నడిచొస్తున్నట్లు వస్తోంది.

"ఏమయ్యా, ఇది కంప్యూటరా, ఎడ్లబండా?"

రత్నాకర్ అన్న పేపరు దించలేదు. "లినక్స్ అంటే గంతే కృపా. జర ఓపిక పట్టు."

చందనవెల్లి డేటా సెంటరులో ఉద్యోగానికి వదినకు పది రోజుల్లో పరీక్ష. ఇంట్లో కంప్యూటరు ఒక్కటే. అన్న దాని లోపలే ఆమె కోసం లినక్స్‌తో ఇంకో కంప్యూటరు తయారుచేశాడు. దాన్ని గెస్ట్ అంటారట. ఆదివారం చర్చిలో లేచి, భార్యను చదివిస్తున్నానని సాక్ష్యం కూడా చెప్పాడు. పక్కింటి సరోజమ్మ కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం పెరట్లో అన్న తన దోస్తు పౌలుతో ఫోనులో నవ్వుతుంటే విన్నాను.

"ఎనిమిది జీబీ మెమరీ ఉన్నదా, ఆమె గెస్టుకు ఒక్కటే ఇచ్చిన. గా మౌసుతోటి నొక్కే బొమ్మల తెర ఏం నడుస్తది? నాలుగు దినాలల్ల ఆమెనే ఇడిసిపెడ్తది. ఆమె డ్యూటీకి పోతే నాకు బువ్వెవలు పెడ్తరు రా?"

నాకు ఒళ్లు మండింది. వెళ్లి వదినకు అంతా చెప్పేశాను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ఆ రాత్రి అన్న కంచంలో ఒక్క గరిటె అన్నం పెట్టి గిన్నె మూసేసింది.

"గిదేంది?"

"గంతే. జర ఓపిక పట్టు."

"కూర?"

"వస్తున్నది. నడుసుకుంట వస్తున్నది."

అన్నకు అప్పటికీ అర్థం కాలేదు. ఇంజనీరు కదా.

మర్నాడు వదిన కోర్సు నోట్సు ముందేసుకుని, తన గెస్టులోంచి బొమ్మల తెరను మొత్తం పీకేసింది. నల్ల తెర, టైపు చేసే తెల్ల అక్షరాలు మిగిలాయి. అదే ఒక్క జీబీతో అది పరుగులు పెట్టింది. వదిన కోపమంతా కీబోర్డు మీద పడింది. అక్షరాలు అరిగిపోయేలా కొట్టింది.

"బొమ్మలు లేకుంట ఏం నేర్సుకుంటవ్?" అన్నాడు అన్న.

"బొమ్మలాగ నువ్వు కూసున్నవు కద, సాలదా?"

పరీక్షలో ఇచ్చింది నల్ల తెరే. అక్కడి పెద్ద యంత్రాలకు బొమ్మల తెర పెట్టరట. పక్కవాళ్లు మౌస్ కోసం బల్ల కింద కూడా వెతికారట. వదిన అందరికంటే ముందు ముగించి లేచింది. శనివారం ఉత్తరం వచ్చింది. ఆమె అన్నకు చూపించలేదు.

ఆదివారం చర్చిలో ఈసారి వదిన లేచింది.

"నా భర్త ఎనిమిదిల ఒక్క జీబీనే ఇచ్చిండు. ఎందుకిచ్చిండో దేవునికి తెలుసు, పౌలన్నకు తెలుసు. బొమ్మల తెర నడువలే. గందుకే నల్ల తెర నేర్సుకున్న. రేపు డ్యూటీల చేరుతున్న. దేవునికి స్తోత్రం."

"ఆమెన్!" అంది సరోజమ్మ, అన్న వైపే చూస్తూ. పౌలు పాటల పుస్తకంలో తల దూర్చాడు. చర్చంతా ఆమెన్ అంది. అన్న కూడా అనక తప్పలేదు.

సోమవారం పొద్దున వదిన టిఫిన్ డబ్బా ఒక్కటే కట్టుకుంది.

"నలుగుర్ల ఇజ్జత్ తీసినవ్ కదనే!" అన్నాడు అన్న. వదిన డబ్బా మూత బిగించింది. గొంతు తగ్గించాడు. "మరి పగటీలి బువ్వ?"

నేను చిక్కుడుకాయల చాట అన్న ముందుకు జరిపాను.

వదిన చాటను చూసింది, అన్నను చూసింది. చెప్పులేసుకుని బస్సుకు వెళ్లిపోయింది.